చుక్కల ముగ్గులు కోడ్‌తో గీయాలి: ఎక్కడ నేర్చుకోవాలి, ఏ టూల్ వాడాలి?

ప్రశ్న (దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్):
అందరికీ నమస్కారం. పైథాన్ కొంచెం వచ్చు. సంక్రాంతికి చుక్కల ముగ్గు కోడ్‌తో గీసి, కింద తెలుగులో శుభాకాంక్షలు రాసి ప్రింట్ తీయించాలి. ల్యాప్‌టాప్ పాతది, 4 జీబీ ర్యామ్. కంప్యూటర్‌తో బొమ్మలు గీయడానికి ప్రాసెసింగ్, పీ5, టచ్‌డిజైనర్, షేడర్లు... తలా ఒకటి చెబుతున్నారు. ఖర్చు లేకుండా దేనితో మొదలుపెట్టాలి?

జవాబు 1:
పీ5 జేఎస్ (జావాస్క్రిప్ట్‌తో బొమ్మలు గీసే ఉచిత లైబ్రరీ) చాలండి. 2001లో కేసీ రీస్, బెన్ ఫ్రై మొదలుపెట్టిన ప్రాసెసింగ్‌కి ఇది బ్రౌజర్ రూపం. పీ5 వెబ్ ఎడిటర్ తెరిస్తే చాలు, ఇన్‌స్టాల్ చేసేదేమీ లేదు. డానియల్ షిఫ్‌మన్ 'కోడింగ్ ట్రైన్' వీడియోలు యూట్యూబ్‌లో ఉచితం. ఒక్క జాగ్రత్త: పాత పాఠాల్లో ప్రీలోడ్ ఫంక్షన్ (బొమ్మలు, ఫాంట్లు ముందే తెచ్చిపెట్టేది) వాడతారు, పీ5 రెండో వెర్షన్‌లో అది తీసేశారు. ఎడిటర్‌లో 1తో మొదలయ్యే వెర్షన్ ఎంచుకోండి, లేకపోతే పాఠంలోని కోడ్ మీ దగ్గర నడవదు.

టచ్‌డిజైనర్‌కి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి, దాన్ని ఇప్పుడు ముట్టుకోవద్దు. ర్యామ్ కోసం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి పరుగెత్తక్కర్లేదు, ఈ పనికి 4 జీబీ సరిపోతుంది.

జవాబు 2:
ముందు చుక్కలు సరిగ్గా పెట్టండి, గీతల సంగతి తర్వాత. '11 చుక్కలు, 6 వరకు సందు చుక్క' తీసుకుందాం, అంటే ప్రతి వరుస చుక్కలూ పక్క వరుస సందుల్లో పడతాయి. వరుస సంఖ్య -5 నుంచి 5 వరకు తిరగాలి. ఒక్కో వరుసలో 11లోంచి ఆ సంఖ్య తీసేస్తే (మైనస్ గుర్తు వదిలేసి) వచ్చినన్ని చుక్కలు. మొత్తం 91 రావాలి. రాకపోతే లూప్ తప్పు.

అందరూ పొరపడేది చుక్కల మధ్య ఎడం దగ్గరే. చుక్కకీ చుక్కకీ 40 పిక్సెల్స్ ఉంటే వరుసకీ వరుసకీ 40 కాదు, 40 × 0.866, అంటే 34.6. అక్కడా 40 పెడితే ఆరు రేకుల పువ్వులో అడ్డం రేకులు రెండూ 40 ఉంటాయి, ఏటవాలువి నాలుగూ దాదాపు 45కి సాగుతాయి. పువ్వు వంకరగా కనిపిస్తుంది, కారణం మాత్రం తట్టదు.

రేకులు తిప్పేటప్పుడు ట్రాన్స్‌లేట్ (జరపడం), రొటేట్ (తిప్పడం) రెండూ పుష్, పాప్ (ఉన్న స్థితిని దాచి, మళ్లీ తెచ్చే జంట) మధ్యే ఉండాలి. లేకపోతే ప్రతి పువ్వూ ముందు పువ్వు జరుగుడునీ తిప్పుడునీ కలుపుకుని ఎటో జారిపోతుంది.

మెలిక ముగ్గుల మీద మనసుపోతే, మద్రాసులో గిఫ్ట్ సిరోమనీ అనే పరిశోధకుడి బృందం 1974లోనే కోలాలకి (తమిళ ముగ్గులకి) వ్యాకరణ సూత్రాలు రాసింది. ఆ పేపర్లు వెతికి చదవండి, నిజంగా చదవదగ్గవి.

జవాబు 3:
తెలుగు అక్షరాల గురించి ఎవరూ చెప్పలేదు. పీ5 మొదటి వెర్షన్‌లో లోడ్‌ఫాంట్‌తో ఫాంట్ తెస్తే వత్తులు విడిపోతాయి: 'సంక్రాంతి'లో క్రావడి కిందికి చేరదు, పొల్లు పడి 'క్‌రా' అని విడిగా వస్తుంది. అందుకని ఇండెక్స్ ఫైల్‌లో గూగుల్ ఫాంట్స్ లింకు పెట్టి, టెక్స్ట్‌ఫాంట్‌కి 'రామభద్ర' లాంటి పేరు మాత్రమే ఇవ్వండి. అప్పుడు అక్షరాలు పేర్చే పని బ్రౌజర్ చూసుకుంటుంది, వత్తులు కుదురుగా ఉంటాయి.

నోలూప్ (ఒక్కసారే గీయమనే ఆదేశం) వాడితే ఫాంట్ దిగేలోపే బొమ్మ గీసేసి ఆగిపోతుంది. డాక్యుమెంట్ డాట్ ఫాంట్స్ డాట్ లోడ్ పిలిచి, అది పూర్తయ్యాక రీడ్రా (మళ్లీ గీయడం) చేయండి. ఆ లోడ్‌కి రెండో విలువగా మీ తెలుగు వాక్యం ఇవ్వడం మరవద్దు, ఇవ్వకపోతే ఫాంట్‌లోని తెలుగు భాగం దిగదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండి. ఏ4 ప్రింట్‌కి కాన్వాస్ ఎంత పెట్టాలి?

జవాబు 2 ఇచ్చినవారు:
300 డీపీఐకి (అంగుళానికి 300 పిక్సెల్స్) 2480 × 3508 పిక్సెల్స్. కాన్వాస్‌కి ముందే పిక్సెల్‌డెన్సిటీ (కాన్వాస్‌ని ఎన్నింతలు చేసి గీయాలో చెప్పే విలువ) 1 అని పెట్టండి. కొన్ని స్క్రీన్లలో అది 2 ఉంటుంది, మెమరీ నాలుగింతలై మీ ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తుంది. చుక్కల ఎడం కూడా అదే లెక్కన పెంచండి: 40 బదులు 200 పెడితే ముగ్గు అడ్డంగా 2000 పిక్సెల్స్ వస్తుంది, అంచులు మిగులుతాయి. సేవ్‌కాన్వాస్‌తో పీఎన్‌జీ తీసి షాపుకి ఇవ్వండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపొద్దు, సైజు తగ్గించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి.