మధుమేహం లేనివారికి ప్రమాదం తరువాత చక్కెర ఎందుకు పెరుగుతుంది?

ప్రశ్న:
రోడ్డు ప్రమాదంలో మా బావమరిదికి తుంటి, ఎడమ తొడ ఎముకలు విరిగాయి. అంతకుముందు ఎన్నడూ మధుమేహం లేకపోయినా, ఐసియులో రక్తంలో చక్కెర 230 దాటిందని ఇన్సులిన్ ఇచ్చారు. రక్తం కూడా ఎక్కించారు. ఇంటికి వచ్చేసరికి చక్కెర తగ్గింది కానీ, దెబ్బ తగలని కుడి కాలు, చేతులు కూడా పుల్లల్లా అయిపోయాయి. పప్పు, గుడ్డు పెడితే చీము పడుతుందని ఇంట్లో పెద్దవాళ్లు చారన్నమే పెడుతున్నారు. ఈ రెండింటికీ కారణం ఒకటేనా? అతనికి మధుమేహం వచ్చినట్లేనా?

మొదటి సమాధానం:
కారణం చాలావరకు ఒకటే. పెద్ద గాయమైనప్పుడు మెదడు ఆదేశంతో మూత్రపిండాలపై ఉండే అధివృక్క గ్రంథులు కార్టిసాల్‌ను, అడ్రినలిన్‌ను విడుదల చేస్తాయి, క్లోమం నుండి గ్లూకగాన్ పెరుగుతుంది. ఈ హార్మోన్ల ప్రభావంతో కాలేయం ఎడతెగకుండా చక్కెరను తయారుచేస్తుంది, కండరాలేమో ఇన్సులిన్ మాట సరిగా వినవు. ఆ చక్కెర తయారీకి, గాయం మానడానికి కావలసిన ముడిసరుకులో పెద్ద భాగం కండ కరగడం వల్లనే వస్తుంది. కాలి ఎముకలు విరిగిన రోగుల మూత్రంలో పోయే నత్రజని (కండ కరిగితే వెలువడేది), దెబ్బ తగిలిన చోటి కండ నుండి మాత్రమే రాగలిగినదానికన్నా చాలా ఎక్కువని స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పరిశోధకుడు డేవిడ్ కత్‌బర్ట్‌సన్ 1930లలోనే గమనించారు. కుడి కాలు సన్నబడటానికి మంచం పట్టడం ఒక కారణమైతే, ఇది మరొక కారణం.

రెండవ సమాధానం (ఐసియు నర్సు):
చక్కెరను 80–110 మధ్య బిగించి ఉంచితే మరణాలు తగ్గాయని 2001లో బెల్జియంలోని ల్యూవెన్ వైద్యులు ప్రకటించారు. కానీ 6,104 మంది రోగులతో జరిగి 2009లో వెలువడిన నైస్-షుగర్ పరిశోధనలో అలా బిగించినవారిలోనే మరణాలు ఎక్కువగా కనిపించాయి. అందుకే ఇప్పుడు సాధారణంగా 180 దాటాకే ఇన్సులిన్ మొదలుపెడతారు. ఇక మధుమేహం సంగతి: రక్తం ఎక్కించారు కనుక హెచ్‌బిఎ1సి (ఎర్ర రక్తకణాలకు అంటిన చక్కెరను బట్టి రెండు మూడు నెలల సగటును చెప్పే పరీక్ష) ఫలితాన్ని ఇప్పుడే నమ్మకండి, దాత కణాలు అందులో కలిసి ఉంటాయి. ఇప్పటికి పరగడుపు చక్కెర చూపించి, మూడు నెలలు గడిచాక ఆ పరీక్ష చేయించండి. చక్కెర తగ్గింది కదా అని వదిలేయవద్దు, ఇలాంటివారిలో కొందరికి తరువాత మధుమేహం బయటపడుతుంది.

మూడవ సమాధానం:
పెద్దల మాట కాదనడం కష్టమే కానీ, చారన్నం ఇక్కడ నిజంగా హాని చేస్తుంది. పప్పుకూ చీముకూ సంబంధం లేదు. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల. మూత్రపిండాలు బాగున్నాయని వైద్యులు చెబితే, కిలో బరువుకు రోజుకు కనీసం 1.2 గ్రాముల మాంసకృత్తులు అందేలా గుడ్లు, పప్పు, పెరుగు, చేపలు పెట్టండి. అయితే తిండి ఒక్కదానితోనే కండ తిరిగి రాదు, ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామం తోడు కావాలి. తీవ్రంగా కాలినవారిలోనైతే ఈ హార్మోన్ల ఉద్ధృతి ఏడాది, రెండేళ్ల వరకు సాగవచ్చు. అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకుని గుండె వేగాన్ని తగ్గించే ప్రొప్రనలాల్‌ను వారికి వాడటం అందుకే.

ఒక్క విషయం మీరు చెప్పలేదు: తలకు దెబ్బ తగిలిందా? తగిలి ఉంటే, మెదడు అడుగున ఉండి ఇతర హార్మోన్ గ్రంథులను నడిపే పిట్యూటరీ గ్రంథి దెబ్బతినే అవకాశం ఉంది. నెలలు గడిచినా నీరసం, తల తిరగడం, లైంగిక ఆసక్తి తగ్గడం వంటివి ఉంటే ఎండోక్రైనాలజిస్టుకు (హార్మోన్ల వైద్యునికి) చూపించాలి.

ప్రశ్న అడిగినవారు:
తలకు దెబ్బ లేదండీ, స్కానింగ్ కూడా తీశారు. మూత్రపిండాల రిపోర్టు రేపు వైద్యునికి చూపించి, గుడ్ల సంగతి ఆయన చేతనే మా అత్తయ్యకు చెప్పిస్తాను.