వేదిక మీద చావును చూపకపోవడం గ్రీకుల నియమమా?

వాచికప్రియ:
గ్రీకు విషాద నాటకాల్లో హత్యలు, ఆత్మహత్యలు ప్రేక్షకుల కళ్లెదుట జరగవు. లోపల జరిగినదాన్ని వార్తాహరుడు బయటికి వచ్చి చెబుతాడు. సోఫోక్లీసు ‘ఈడిపస్’లో రాణి యొకాస్తా ఉరి వేసుకోవడమూ, ఆమె వస్త్రానికున్న బంగారు పిన్నులు ఊడబెరికి ఈడిపస్ తన కళ్లు పొడుచుకోవడమూ మనకు మాటల్లోనే తెలుస్తాయి. ఆ కవులు తెలిసి పాటించిన నియమమిది. ఈనాటి ప్రదర్శనల్లోనూ దీన్ని తప్పకూడదని నా అభిప్రాయం.

రంగాలంకారి:
నియమమని ఎవరు రాశారో చెప్పండి. అరిస్టాటిల్ తన ‘కావ్యశాస్త్రం’లో, బాహాటంగా జరిగే మరణాలను, గాయాలను ఇతివృత్తంలో ఒక భాగంగానే లెక్కవేశాడు. మెడియా తన పిల్లలను జనం ఎదుట చంపరాదని శాసించినవాడు రోమను కవి హొరేసు. ఆయన యూరిపిడీసు రాసిన ‘మెడియా’ నాటకానికి సుమారు 400 ఏళ్ల తర్వాతివాడు. సోఫోక్లీసు ‘ఆజాక్సు’ నాటకంలో వీరుడు ఆజాక్సు కత్తిని నేలలో నాటి దాని మీద పడతాడు. యూరిపిడీసు అల్సెస్టిస్, హిప్పోలిటస్ ఇద్దరూ వేదిక మీదే ప్రాణం విడుస్తారు.

పాతపుస్తకం:
మన నాట్యశాస్త్రమూ యుద్ధం, రాజ్యభ్రంశం, మరణం, నగర ముట్టడి అంకంలో చూపక ప్రవేశకంతో, అంటే జరిగినదాన్ని మాటల్లో చెప్పే చిన్న సన్నివేశంతో, తెలపమంటుంది. అయినా సంస్కృత నాటకం ‘ఊరుభంగం’లో దుర్యోధనుడు వేదిక మీదే చనిపోతాడు.

వాచికప్రియ:
అల్సెస్టిస్‌ది, హిప్పోలిటస్‌ది కళ్లెదుట కొట్టిన దెబ్బ కాదు కనుక వాటిని పక్కన పెడదాం. ఆజాక్సు సంగతి తేల్చుకుందాం. మాటలాడే పాత్రలన్నిటినీ ముగ్గురు నటులే మాస్కులు మార్చుకుంటూ పోషించేవారు. ఆ నాటకం చివర ట్యూక్రోసు, అగమెమ్నాన్, ఒడిస్యూసు ముగ్గురూ ఒకేసారి వేదిక మీద ఉంటారు. ఆజాక్సు శవం కూడా అక్కడే ఉంది. అంటే ఆ శవం నటుడు కాదు, బొమ్మయినా కావాలి, మాటలేని మరో మనిషయినా కావాలి. మరి అసలు నటుడు అందరూ చూస్తుండగా ఎలా లేచి వెళ్లాడు? అతడు ఏ పొద చాటునో పడి ఉండాలి. కనుక ఆ చావూ కనబడలేదనే నా వాదన.

మూడోవరుస:
ఎస్కిలస్ ‘అగమెమ్నాన్’ నాటకంలో హత్యకు గురవుతున్న రాజు లోపలి నుంచి కేక పెట్టగానే కోరస్ బృందంలోని పన్నెండు మంది ముసలివాళ్లు తలా ఒక మాట అంటారు, ఒక్కరూ గడప దాటరు. ఆ తటపటాయింపు నన్ను కత్తి కన్నా ఎక్కువ భయపెట్టింది.

రంగాలంకారి:
వాచికప్రియ గారూ, నటుల ఇబ్బంది వల్ల జరిగిందని మీరే చెబుతూ దాన్ని కళానియమం అంటున్నారు. పొద ఉందో లేదో నాకు ముఖ్యం కాదు. ఈ రోజు ప్రేక్షకులకు చావును కళ్లతో చూసే హక్కు లేదనడానికి మీరెవరు?

వాచికప్రియ:
అడిగారు కనుక చెబుతాను. కళాశాలలో చదివే రోజుల్లో ‘ఈడిపస్’ అనువాదంలో వార్తాహరుడి వేషం నాది. ఆరు వారాలు ఆ ఒక్క ప్రసంగం కోసం గొంతు అరగదీసుకున్నాను. ప్రదర్శనకు ముందురోజు దర్శకుడు దాన్ని తీసేసి, ఎర్రదీపం వెలిగించి, ఈడిపస్ చెంపల మీద రంగునీళ్లు కార్పించాడు. ముందు వరుసలో పిల్లలు నవ్వారు. కళ్లతో చూడకపోయినా, వినేవాడి ఒళ్లు జలదరించేలా కథ కట్టాలని అదే అరిస్టాటిల్ అన్నాడు. మాట మీద నమ్మకం లేనివాళ్లు ఈ నాటకాలను ముట్టుకోకూడదు.

రంగాలంకారి:
మాట చాలునని నాకు చెప్పకండి. మా నాన్నగారు పోయినప్పుడు నేను పరాయి దేశంలో ఉన్నాను. ఆఖరి గంటలో ఏం జరిగిందో మా అన్నయ్య ఫోనులో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఒక్క మాట కూడా మరిచిపోలేదు. అయినా ముఖం చూడనందుకు నాకు ఇన్నేళ్లుగా ఆ చావు జరిగినట్టే లేదు. శవాన్ని దాచిపెట్టి వర్ణనతో సరిపెట్టే నాటకాన్ని నేను ఒప్పుకోలేను.

మూడోవరుస:
అమ్మా, ఆ నాటకకర్తలు శవాన్ని దాచలేదు. క్రీ.పూ. 458లో ఆడిన ఆ ‘అగమెమ్నాన్’లోనే కేకల తర్వాత తలుపులు తెరుచుకుంటాయి. రాజూ, అతడు బందీగా తెచ్చిన కసాండ్రా పడి ఉంటారు, వాళ్ల మీద వాళ్లను చంపిన రాణి క్లైటెమ్నెస్ట్రా నిలబడి ఉంటుంది. ఇలాంటి చోట్ల ఎక్కిక్లేమా అనే చక్రాల పలక మీద లోపలి దృశ్యాన్ని బయటికి నెట్టేవారు. ఈడిపస్ కూడా పొడుచుకున్న కళ్లతో మన ముందుకే వస్తాడు.

రంగాలంకారి:
ఆ పలక సంగతి నాకు తెలుసు. కానీ దాన్ని చూడనివ్వడం అని ఇంతవరకు అనుకోలేదు. అయితే నా అభ్యంతరం వర్ణన మీద కాదు, వర్ణనతోనే ముగించడం మీద.

వాచికప్రియ:
మీ నాన్నగారి విషయం తెలియక కటువుగా మాట్లాడాను, మన్నించండి. వార్తాహరుడి ప్రసంగం పూర్తిగా ఉండి, ఆ తర్వాత శవం బయటికి వస్తే నాకే అభ్యంతరమూ లేదు. ప్రసంగం తీసేసి శవాన్ని మాత్రం తెస్తే ఒప్పుకోను. ఆజాక్సు మాత్రం పొద చాటునే పడ్డాడు.

రంగాలంకారి:
కత్తి నాటడం మాత్రం అందరూ చూశారు.