నల్లగొండ ఎండల్లో గోడలో పగడాల తొట్టి కట్టుకోవచ్చా, వద్దా?

పానగల్లు కొత్తిల్లు:
పానగల్లు వైపు ఇల్లు కడుతున్నాం. స్లాబు పడింది, వచ్చే వారం లోపలి గోడలు మొదలు. హాలుకూ దాని వెనుక స్టోర్ రూముకూ మధ్య గోడలో ఉప్పునీటి తొట్టి కనిపించేలా పెట్టాలని నా కోరిక. 4 అడుగుల పొడవు, 2 వెడల్పు, 2 ఎత్తు. అందులో పగడాలు, క్లౌన్ చేపలు. నాన్న వద్దంటున్నాడు. "సముద్రం చూడాలంటే బాపట్ల పోదాం, ఇంట్లోకి ఎందుకు?" అంటాడు. మేస్త్రి కూడా తల ఊపడం లేదు. కట్టిన గోడను మళ్లీ పగలగొట్టలేను కాబట్టి ఇప్పుడే తేల్చుకోవాలి. పెట్టినవాళ్లు, పెట్టి తీసేసినవాళ్లు ఇద్దరూ చెప్పండి.

పాలమూరు నీళ్లు:
వద్దు తమ్మీ. నేను పెట్టి తీసేసినవాణ్ని. మహబూబ్‌నగర్‌లో మా ఇంటి రెండో అంతస్తులో, అల్మారా కోసం వదిలిన గూట్లో 70 లీటర్ల తొట్టి పెట్టాను. మే నెలలో ఒక రాత్రి మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. రెండింటికి ఉక్కపోతకు మెలకువ వచ్చి చూస్తే క్లౌన్ చేపలు రెండూ నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. థర్మామీటర్ 32 చూపిస్తోంది. ఫ్రిజ్‌లోని నీళ్ల సీసాలన్నీ మూతలు బిగించి తొట్టిలో వదిలాను. గాలి కలుస్తుందని మా ఆవిడ చెంబుతో నీళ్లు తోడి ఎత్తు నుంచి పోస్తూనే ఉంది. తెల్లారేసరికి ఒక చేప పోయింది. వేళ్లు ముడిచి తెరిచినట్టు ఆడే జెనియా పగడం మూడో రోజుకు గంజిలా కరిగిపోయింది. ఆ వాసన రెండు వారాలు ఆ గూటిని వదల్లేదు.

పగడానికి 24 నుంచి 27 డిగ్రీలు కావాలి. మనకు ఏప్రిల్ చివరికే బయట 43, ఇంట్లో 36. ఇక రెండో సంగతి, నాకు ఇదే పెద్దది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మీ జిల్లాలో మనుషుల ఎముకలు వంగిపోయాయి. బిందెడు మంచినీటి కోసం తరాలు ఎదురుచూసిన నేల అది. ఆర్‌ఓలో ఒక లీటరు తీయడానికి రెండు మూడు లీటర్లు వదిలేసి, ఆ నీటితో గోడలో సముద్రం కట్టడానికి నాకు మనసొప్పదు. మొక్కలతో మంచినీటి తొట్టి పెట్టుకో, కంటికి అదీ చల్లగానే ఉంటుంది.

మిర్యాలగూడ రీఫ్:
అన్నా, ఆ రాత్రి మీరెంత తల్లడిల్లారో చదువుతుంటేనే తెలుస్తోంది. కానీ మీ చేపను చంపింది ఎండ ఒక్కటే కాదు. 70 లీటర్ల నీరు ఇట్టే వేడెక్కుతుంది, పైగా గాలి ఆడని గూడు. నాది నాలుగేళ్లుగా నడుస్తోంది, సంప్‌తో కలిపి 550 లీటర్లు. (సంప్ అంటే ఇంటి ముందు నీళ్ల సంపు కాదు, తొట్టి కింద పెట్టే రెండో తొట్టి. శుద్ధి అంతా అందులోనే.) పోయిన మేలో మూడు గంటలు కరెంటు లేకపోతే నీరు 26 నుంచి 26.6కు ఎక్కింది, అంతే. అంత నీరు వేడెక్కాలంటే టైం పడుతుంది. నీళ్లను కదిలించే వేవ్‌మేకర్ 12 వాట్లే, ఇన్వర్టర్ మీద రోజంతా తిరుగుతుంది. కరెంటు పోగానే ముందు కావలసింది ఆ కదలిక, చల్లదనం తర్వాత.

తప్పులు నేనూ చేశాను. చిల్లర్ అనేది నీటిలో వేడి తీసి గాలిలోకి వదిలే యంత్రం. దాన్ని తొట్టి వెనుక గదిలోనే పెట్టాను. అది వదిలిన వేడికి గది 41 డిగ్రీలైంది, ఆ వేడి గాలే మళ్లీ దానికి అందింది. పగలూ రాత్రీ ఆగకుండా తిరిగింది. తర్వాత పైపులు పొడిగించి, వాటికి ఫోమ్ చుట్టి, ఉత్తరం సందులో నీడపట్టున పెడితే గానీ దారిలోకి రాలేదు. నీటి మీదికి ఫ్యాన్ పెట్టినా రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, మన ఎండాకాలం గాలి పొడి కదా, కూలర్ పనిచేసినట్టే. మూసిన గదిలో మాత్రం గాలి తడెక్కి ఫ్యాన్ దండగ అవుతుంది. ఎగ్జాస్ట్ లేకుండా గోడ తొట్టి పెట్టకండి.

ఫ్లోరైడ్ మాట. సముద్రపు నీటిలోనే లీటరుకు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. తాగే నీటికి మన దేశంలో చివరి హద్దు 1.5. అంటే పగడానికి ఆ కాస్త ఫ్లోరైడ్‌తో పేచీ లేదు, నైట్రేట్, ఫాస్ఫేట్, క్లోరిన్, రాగితోనే. భగీరథ నీళ్లయినా బోరు నీళ్లయినా ఆర్‌ఓ, ఆ తర్వాత డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) దాటి, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించాకే ఉప్పు కలపాలి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఉంది కదా, నాగపూర్ నీరీ సంస్థ తయారుచేసినది, మన నల్లగొండ పేరు మీదే పిలుస్తారు. అలా శుద్ధి చేసిన నీటినీ నేరుగా వాడొద్దు, అల్యూమినియం మిగిలి ఉండొచ్చు. ఉప్పు లీటరుకు 35 గ్రాముల లెక్క, 450 లీటర్లకు దాదాపు 16 కిలోలు. వంటింటి ఉప్పు కాదు, రీఫ్ (పగడాల తొట్టి) కోసమే చేసిన మిశ్రమం.

సూర్యాపేట సైట్ ఇంజినీర్:
గోడ సంగతి నేను చెబుతాను. 4×2×2 అంటే 16 ఘనపుటడుగులు, నీరే 450 లీటర్లు. 12 మి.మీ. గాజు 90 కిలోలు, రాళ్లు, ఇసుక, దిమ్మె కలిపితే ఏడు వందల కిలోలకు దగ్గర. ఇంటి స్లాబును చదరపు మీటరుకు 200 కిలోల లెక్కన డిజైన్ చేస్తాం. ఈ బరువు ముప్పావు చదరపు మీటరు మీద పడుతుంది. కాబట్టి పై అంతస్తు మాట మరిచిపోండి. కింది అంతస్తులో గట్టిగా దిమ్మిస చేసి, కాంక్రీటు పోసిన నేల మీదైతే పర్వాలేదు.

"గోడలో తొట్టి" అంటే గోడ తొట్టిని మోస్తుందనుకుంటారు. మోయకూడదు. లోపలి గోడలు నాలుగున్నర అంగుళాలవే. గోడ కేవలం కిటికీ చట్రం, తొట్టి దాని వెనుక సొంత దిమ్మె మీద నిలబడాలి. పైన లింటెల్, రెండు వైపులా కనీసం 6 అంగుళాలు గోడ మీద కూర్చోవాలి. ఇనుప స్టాండు వద్దు. ఉప్పు తేమ ఇనుమును తినేస్తుంది. పిల్లరు పక్కన అయితే అది ప్లాస్టర్ దాటి ఊచలకు చేరి, తుప్పు ఉబ్బి, కాంక్రీటు పెచ్చులూడుతుంది. వెనుక గదికి ఎపాక్సీ రంగు, నేలకు వాలు, మూలన జాలీ. సాకెట్లు నీటి మట్టానికి పైన, 30 మిల్లీ ఆంపియర్ల ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు), వైర్లు కిందికి వంపు తిరిగి సాకెట్‌కు ఎక్కాలి, కారిన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

కరెంటు పోగానే పై తొట్టిలో రెండు అంగుళాల నీరు సంప్‌లోకి దిగుతుంది, అంటే దాదాపు 40 లీటర్లు. సంప్‌లో ఆ ఖాళీ లేకపోతే అదంతా స్టోర్ రూములోనే.

నాగర్‌కర్నూల్ టీచరక్క:
ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో రాతి పగడాలన్నీ ఉన్నాయి, 2001లో చేర్చారు. విసనకర్రలా విచ్చుకునే సీ ఫ్యాన్ పగడాలు కూడా. మన సముద్రంలోంచి తీసినవి కొంటే 3 నుంచి 7 ఏళ్ల జైలు. దుకాణాల్లో "లైవ్ రాక్" అని అమ్మేది చాలాసార్లు పగడపు అస్థిపంజరమే. కాబట్టి తమ్ముడూ, పింగాణీ రాళ్లతో మొదలుపెట్టు. మష్రూమ్, జోయాంథిడ్ లాంటి మెత్తని పగడాలు ఆ జాబితాలో లేవు, అయినా ఎక్కడివో బిల్లుతో సహా అడుగు. జోయాంథిడ్‌లలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. గ్లౌజులు లేకుండా ముట్టకు, ఆ రాళ్ల మీద వేడినీళ్లు ఎప్పుడూ పోయకు. క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో సాధించింది, అలాంటివే తెచ్చుకో.

పాలమూరు అన్న చెప్పిన వేడి చిన్న విషయం కాదు. పగడం ఒంట్లో సూక్ష్మమైన నాచు బతుకుతుంది, దానికి తిండి చాలావరకు ఆ నాచే పెడుతుంది. నీరు వేడెక్కి అలాగే ఉండిపోతే పగడం ఆ నాచును బయటికి తోసేసి తెల్లబడుతుంది. 1998లో, 2016లో లక్షద్వీప్‌లో సముద్రమే వేడెక్కి దిబ్బలకు దిబ్బలు అలా తెల్లబడ్డాయి. అక్కడ బతకలేని వేడిని మన హాల్లో ఇస్తే ఎలా బతుకుతుంది?

పాలమూరు నీళ్లు:
టీచరమ్మ చెప్పిందే నా భయం. మిర్యాలగూడ తమ్ముడి దగ్గర జాగా ఉంది, చిల్లర్ ఉంది, ఓపిక ఉంది. అందరికీ ఉంటుందా? ఇంట్లో పెళ్లయితే, ఆస్పత్రిలో నాలుగు రోజులుండాల్సి వస్తే దాన్నెవరు చూస్తారు? తొట్టికి సెలవు ఉండదు. నీళ్ల సంగతికి కూడా ఇంకా జవాబు రాలేదు.

మిర్యాలగూడ రీఫ్:
చెబుతానన్నా. వారానికి నాకు 80 లీటర్ల శుద్ధ నీరు పడుతుంది, ఆవిరైనదానికి పోసేది, పదో వంతు మార్చేది కలిపి. దానికి ఆర్‌ఓ వదిలేసేది 200 లీటర్ల పైమాటే. అదంతా డ్రమ్ములో పట్టి బాత్రూములకు, నేల తుడవడానికి వాడుతున్నాం. అయినా నీళ్లు ఖర్చు కావడం లేదని అనను. అవుతున్నాయి. పొద్దున లేవగానే స్కిమ్మర్ (నీటిలో మురికిని నురగగా తీసే పరికరం) కప్పులో టీ డికాక్షన్ రంగు మురికి పారబోసి, పైపు కీళ్ల దగ్గర తెల్లగా పేరిన ఉప్పును తడిబట్టతో తుడుస్తాను. పది నిమిషాల పని, నేను ఊరెళితే మా అబ్బాయి చేస్తాడు. ఇంట్లో ఇంకొకరికి రాకపోతే మాత్రం పెట్టకపోవడమే మంచిది, ఇందులో మీతో ఏకీభవిస్తాను.

పాలమూరు నీళ్లు:
అలాగైతే పానగల్లు తమ్ముడికి ఒక్క షరతు. గోడ కట్టు, తొట్టి పెట్టు, ఉప్పునీరు నింపు. కానీ ప్రాణమున్నది ఏదీ వేయకుండా ఒక మే నెల మొత్తం నడుపు. రోజూ మధ్యాహ్నం మూడింటికి, రాత్రి రెండింటికి డిగ్రీలు రాసుకో. కరెంటు పోయినప్పుడు ఎంత ఎక్కిందో రాసుకో. 27 దాటకుండా నిలిస్తే అప్పుడు చేపల మాట. దాటితే ఆ తొట్టిలో మంచినీళ్లు, మొక్కలు.

మిర్యాలగూడ రీఫ్:
దీనికి నేనూ సరేనంటాను. ఎలాగూ నీటిలో బ్యాక్టీరియా కుదురుకుని అమ్మోనియా సున్నా కావడానికి నెల, నెలన్నర పడుతుంది. ఆ ఆగడమేదో మేలో ఆగితే సరి.

పానగల్లు కొత్తిల్లు:
అందరికీ దండాలు. స్టోర్ రూమును మూడున్నర అడుగులు పెంచాను, ఎగ్జాస్ట్‌కు రంధ్రం, చిల్లర్ పైపులకు ఉత్తరం గోడలో దారి వదులుతున్నాను. ఇదంతా నాన్నకు చదివి వినిపించాను. మే దాటేదాకా చేప రాదు అనగానే, "అయితే ముందు థర్మామీటర్ కొనుక్కురా, మధ్యాహ్నం లెక్క నేను రాస్తా" అన్నాడు. మేస్త్రి సోమవారం వస్తున్నాడు. ఇంజినీర్ సార్, తొట్టి పైన చెయ్యి పెట్టడానికి ఎంత జాగా వదలమంటారు?

సూర్యాపేట సైట్ ఇంజినీర్:
అడుగున్నర, తక్కువ కావద్దు. లైటు అందులోనే వేలాడాలి.