ఫైబర్ తెగినా బ్యాకప్ లైనుకు మారని రౌటర్: ఫెయిలోవర్ అనుభవాలు

మేడమీదిగది:
మా ఇంట్లో ప్రధాన కనెక్షన్ ఫైబర్. దానికి తోడుగా రౌటర్ యూఎస్‌బీ పోర్టులో ఒక 4జీ డాంగిల్ (సిమ్ వేసి మొబైల్ నెట్ అందించే చిన్న పరికరం) పెట్టి, మొదటిది పోతే రెండోదానికి తానే మారేలా ఫెయిలోవర్ అమర్చుకున్నాను. అమర్చిన రోజు వాన్ (WAN, రౌటర్‌కు బయటి నెట్ తెచ్చే) కేబుల్ పీకి చూస్తే అర నిమిషం లోపే నెట్ డాంగిల్ మీదికి వచ్చింది, మళ్ళీ పెడితే వెనక్కి వెళ్ళింది, ఇక పని అయిపోయిందనుకున్నాను. కానీ మొన్న ఫైబర్ నిజంగా తెగినప్పుడు రెండు గంటల పాటు ఒక్క పేజీ కూడా తెరుచుకోలేదు. ఓఎన్‌టీ (ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె) మీద, సిగ్నల్ లేదని చెప్పే ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా మిణుకుతూనే ఉంది, అయినా రౌటర్ పేజీలో మొదటి లైను పక్కన ‘కనెక్టెడ్’ అనే పచ్చ గుర్తు చెక్కుచెదరలేదు. చివరికి కేబుల్ చేత్తో పీకాక గాని డాంగిల్ అందుకోలేదు. పరీక్షలో నెగ్గినది అవసరానికి ఎందుకు తప్పిందో తెలిసినవారు చెప్పగలరు.

తీగముడి:
మీ రౌటర్ తనకూ ఓఎన్‌టీకీ మధ్య ఉన్న మూరెడు ఈథర్నెట్ కేబుల్ వరకే చూస్తోందండి. బయట ఫైబర్ తెగినా, ఓఎన్‌టీకి కరెంటు ఉన్నంతసేపూ ఆ పోర్టు లైటు వెలుగుతూనే ఉంటుంది. ఓఎన్‌టీ రౌటింగ్ మోడ్‌లో (తానే ఒక రౌటర్‌లా పనిచేస్తూ) ఉంటే, అది మీ రౌటర్‌కు కేటాయించే డీహెచ్‌సీపీ చిరునామా కూడా యథాతథంగా అందుతుంటుంది. ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో (వచ్చినదాన్ని అలాగే దాటించేలా) ఉంచి పీపీపీఓఈ లాగిన్ (నెట్ కంపెనీకి యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చే పద్ధతి) రౌటర్‌లోనే పెట్టుకున్నవారికి ఈ ఇబ్బంది తక్కువ, ఎందుకంటే ‘ఉన్నావా’ అని రౌటర్ పంపే ఎల్‌సీపీ ఎకోలకు అవతలి నుంచి జవాబులు ఆగిపోయాక సెషన్ దానంతటదే పడిపోతుంది. మీది మొదటి రకమని తోస్తోంది.

లైను తనిఖీకి ‘లింక్’ బదులు ‘పింగ్’ (ఒక చిరునామాకు చిన్న సందేశం పంపి జవాబు చూడటం) ఎంచుకోండి. గేట్‌వే (రౌటర్ నుంచి బయటికి వెళ్ళే దారిలో మొదటి మజిలీ) చిరునామా మాత్రం ఇవ్వకండి. మీ విషయంలో గేట్‌వే ఆ ఓఎన్‌టీయే గనుక ఫైబర్ లేకపోయినా నిక్షేపంగా జవాబిస్తుంది. 1.1.1.1, 8.8.8.8 లాంటి దూరపు చిరునామాలు రెండు ఇచ్చి, రెండూ పలకకపోతేనే లైను పోయినట్టు లెక్క వేయించండి. నేను 5 సెకన్లకొక పింగ్, వరుసగా 3 తప్పితే మార్పు, తిరిగి రావడానికి మాత్రం వరుసగా 10 సరిగా అందాలి అని పెట్టుకున్నాను. లైను తడబడే వేళల్లో అటూ ఇటూ గెంతులాట తప్పింది.

పరీక్ష కూడా మార్చండి. ఓఎన్‌టీకి కరెంటు అలాగే ఉంచి, పచ్చ కొన ఉన్న ఫైబర్ తీగను మెల్లగా తీసి చూడండి. ఆ కొనను కంటికి ఎదురుగా పట్టుకోవద్దు. జీపాన్ (ఇళ్ళకు వచ్చే ఫైబర్‌లో ఒక రకం) లైనులో ఇంటివైపు వచ్చే కాంతి 1490 నానోమీటర్లది, కంటికి కనిపించదు. వేలు తగలకుండా కొనకు మూత పెట్టడం కూడా అవసరమే.

మేడమీదిగది:
మీరు చెప్పినట్టే చేశాను. ఫైబర్ తీసిన పావు నిమిషానికి రౌటర్ పేజీలో రెండో లైను పచ్చబడింది, చాలా సంతోషించాను. అయినా పేజీలు తెరుచుకోవడం లేదు. ల్యాప్‌టాప్ నుంచి 9.9.9.9కు పింగ్ వెళ్తోంది, 8.8.8.8కు వెళ్ళడం లేదు, ఏ సైటు పేరు కొట్టినా దొరకలేదంటోంది. రౌటర్‌లో డీఎన్ఎస్ (సైటు పేరుకు ఐపీ చిరునామా చెప్పే సర్వర్) 8.8.8.8 అనే పెట్టి ఉంది.

నిశిరాత్రి:
మీరు రాసిన దాంట్లోనే జవాబు ఉంది. పీఎఫ్‌సెన్స్ లాంటి రౌటర్ సాఫ్ట్‌వేర్లు తనిఖీకి ఇచ్చిన చిరునామాకు ఆ లైను మీదుగానే స్థిరమైన దారి వేసి ఉంచుతాయి, లేకపోతే తనిఖీ పింగ్ డాంగిల్ గుండా వెళ్ళి ఫైబర్ బాగుందని తప్పుగా చెప్పేస్తుంది. మీ రౌటర్ కూడా అదే పని చేస్తున్నట్టుంది, కాబట్టి మీ డీఎన్ఎస్ ప్రశ్నలన్నీ తెగిన ఫైబర్ వైపే పోతున్నాయి. తనిఖీకి వాడే చిరునామాను డీఎన్ఎస్‌కు వాడకండి. నెట్ కంపెనీ వారి సొంత డీఎన్ఎస్ పెట్టుకున్నవారికీ ఇలాంటి చిక్కే వస్తుంది, ఎందుకంటే అలాంటి సర్వర్లు చాలావరకు తమ ఖాతాదారులకే జవాబిస్తాయి.

పాతమోడెమ్:
డాంగిల్ వాడుతున్నారు గనుక ఒక మాట. నా దగ్గర లైను మారిన నిమిషానికల్లా డాంగిల్ నీలం లైటు ఆరిపోయి, మళ్ళీ మొదటి నుంచి వెలిగేది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వవలసింది 500 మిల్లీయాంపులే, సిగ్నల్ బలహీనంగా ఉన్న గదిలో డాంగిల్ అంతకు మించి లాగేది. ఖాళీగా ఉన్నంతకాలం బాగానే ఉండి, ఇల్లంతా దాని మీద పడ్డాకే పడిపోయేది. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ పెట్టాక ఆ ఇబ్బంది పోయింది.

తీగముడి:
తిరుగు ప్రయాణం కూడా గమనించండి, నాకు ఎక్కువ నష్టం జరిగింది అక్కడే. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో (రౌటర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) లైన్ల మార్పు చూసుకునే ఎంవాన్3 వాడతాను. ఫైబర్ తిరిగి వచ్చింది, కొత్త కనెక్షన్లన్నీ దాని మీదికి వెళ్ళాయి, కానీ ఆఫీసు పనికి వాడే వైర్‌గార్డ్ వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్ దాకా గుప్తమైన దారి) మాత్రం రోజంతా మొబైల్ డేటా మీదే నడిచి ప్యాక్ మొత్తం తినేసింది. రౌటర్ ప్రతి కనెక్షన్‌కూ అది మొదలైన లైనును గుర్తు పెట్టుకుంటుంది. లైనక్స్‌లో రెండు వైపులా నడుస్తున్న యూడీపీ (వైర్‌గార్డ్ వాడే రవాణా పద్ధతి) ప్రవాహం 120 సెకన్లు మౌనంగా ఉంటే గాని ఆ గుర్తు చెరగదు, నేనేమో వైర్‌గార్డ్‌లో కీప్ఎలైవ్ (కనెక్షన్ నిలిచి ఉండేందుకు పంపే చిన్న సందేశం) 25 సెకన్లకొకటి పెట్టాను, కాబట్టి అది ఎన్నటికీ చెరగలేదు. లైను తిరిగి వచ్చినప్పుడు కనెక్షన్ల పట్టికను ఖాళీ చేసే ఐచ్ఛికం ఎంవాన్3లో ఉంది, దాన్ని ఆన్ చేశాక వీపీఎన్ క్షణంలో ఫైబర్ మీదికి వచ్చింది. మీ రౌటర్‌లో అలాంటిది లేకపోతే వీపీఎన్ ఒకసారి ఆపి, రెండు నిమిషాలు దాటాక మళ్ళీ మొదలుపెట్టండి.

మేడమీదిగది:
డీఎన్ఎస్‌ను 9.9.9.9కు మార్చాక ఫైబర్ తీసి మూడు సార్లు చూశాను, మూడు సార్లూ ఇరవై సెకన్లలోపే పేజీలు తెరుచుకున్నాయి. డాంగిల్ లైటు ఆరలేదు, అయినా హబ్ తెచ్చి పెడతాను. మారే క్షణంలో నడుస్తున్న వీడియో కాల్ మాత్రం ప్రతిసారీ తెగుతోంది. దీనికి దారి ఉందా?

నిశిరాత్రి:
లైను మారితే బయటి ప్రపంచానికి మీ ఐపీ చిరునామాయే మారిపోతుంది గనుక, పాత చిరునామాతో మొదలైన కాల్‌ను ఫెయిలోవర్ కాపాడలేదు. కొన్ని కాలింగ్ యాప్‌లు తామే మళ్ళీ కలుపుకుంటాయి. అసలు తెగకూడదంటే రెండు లైన్లనూ బయట ఉన్న ఒక సర్వర్ దాకా టన్నెల్‌తో కలిపే బాండింగ్ కావాలి, అది వేరే అమరిక.