గూగుల్‌ను ఏ రంగంలో చూపించాలి? ప్రాజెక్టు రెండుసార్లు వెనక్కి వచ్చింది

తిరుపతిలో ఎంబీఏ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. ప్రాజెక్టులో పది కంపెనీలను రంగాలవారీగా విడదీయాలి. తొమ్మిది అయిపోయాయి, గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ దగ్గర ఆగిపోయాను.

మొదట రాబడిని బట్టి చూశాను. 2023లో మొత్తం సుమారు 307 బిలియన్ డాలర్లు వస్తే, అందులో ప్రకటనలవే 238 దాకా, అంటే నూటికి 77. అందుకని 'ప్రకటనల సంస్థ' అని రాశాను. గైడ్ సార్ ఆ మాట చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, పక్కన "మరి పరిశోధన ఖర్చు?" అని రాసిచ్చారు. నిజమే, అదే ఏడాది పరిశోధన, అభివృద్ధికి 45 బిలియన్లు పెట్టారు. ఏఐ లెక్కల కోసం వాడే టీపీయూ చిప్‌లు సొంతంగా డిజైన్ చేసుకుంటారు. ఇప్పటి ఏఐ చాట్‌బాట్‌లకు ఆధారమైన ట్రాన్స్‌ఫార్మర్ పద్ధతిని 2017లో బయటపెట్టింది అక్కడి పరిశోధకులే. సరేనని 'టెక్నాలజీ' అని మార్చాను. అదీ తిరిగొచ్చింది. కంపెనీలను రంగాలుగా విడదీసే అంతర్జాతీయ పద్ధతి జీఐసీఎస్‌లో 2018 సెప్టెంబరులోనే ఆల్ఫాబెట్‌ను ఐటీ నుంచి కమ్యూనికేషన్ సర్వీసెస్‌లోకి మార్చారట.

అలిపిరి రోడ్డులో హోర్డింగులు అద్దెకిచ్చే ఆయనదీ వీళ్లదీ ఒకటే వ్యాపారమంటే నాకు మనసొప్పడం లేదు. సోమవారం వైవా, చాలా టెన్షన్‌గా ఉంది.

రంగాన్ని తేల్చడానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తోందన్నది చూడాలా, లేక కంపెనీ ఏం తయారుచేస్తోందన్నది చూడాలా, వైవాలో నిలబడే కొలమానం ఏది?