మండువా ఇంటికి అట్టతో నమూనా చేయించడం అవసరమా?

ప్రశ్న (అమలాపురం దగ్గరి పల్లె నుంచి)

నమస్కారమండి. తాతగారి నాటి పెంకుటిల్లు విప్పించి, అదే స్థలంలో 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున కొత్త ఇల్లు కట్టాలనుకుంటున్నాము. నడుమ చిన్న మండువా (పైన ఆకాశం కనిపించే లోపలి వాకిలి) ఉండి తీరాలన్నది మా అమ్మగారి పట్టు. ఆర్కిటెక్టు గారు కంప్యూటర్లో చేసిన రంగుల బొమ్మలు పంపించారు. చూడముచ్చటగానే ఉన్నాయి కాని, అమ్మ ఫోను అటూ ఇటూ తిప్పి, "తులసికోట దగ్గర నుంచుంటే వీధి గుమ్మం కనిపిస్తుందా?" అని అడిగితే నేను జవాబు చెప్పలేకపోయాను. అట్టతో నమూనా చేస్తే ఇటువంటివి తేలిపోతాయని ఒకరు, అది అపార్టుమెంట్లు అమ్మేవారు అద్దాల పెట్టెలో పెట్టుకునే అలంకారమని మరొకరు అంటున్నారు. ఏది నిజమండి?

జవాబు 1 (రాజమహేంద్రవరం, ఆర్కిటెక్టు)

అద్దాల పెట్టెలోది, ప్లాను అంతా ఖాయమయ్యాక అమ్మకం కోసం చేసేది. మీకు కావలసింది అంతకు ముందరిది, కోసి, పీకి, మళ్లీ అంటించుకోగలిగిన ముతక నమూనా. అడుగుకు పావు అంగుళం చొప్పున వేసుకుంటే మీ ఇల్లంతా 10 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల పొడవు గల పలక మీద ఇమిడిపోతుంది. గోడలకు పాత అట్టపెట్టెలు, వాసాలకు కొబ్బరి ఈనెలు చాలు. పైకప్పును అంటించకుండా మూతలా ఎత్తగలిగేటట్టు ఉంచండి. (థర్మోకోల్ వాడితే ఫెవికాల్‌తోనే అంటించండి, రబ్బరు సొల్యూషన్ దాన్ని తినేస్తుంది.)

అన్నిటికంటే నమ్మదగినది అది చూపే ఎండ. ఇల్లు ఎంత చిన్నదైనా కిరణాల కోణం మారదు కనుక, అసలు ఇంట్లో నీడ ఎక్కడ పడుతుందో నమూనాలోనూ అక్కడే పడుతుంది. మన ప్రాంతం సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. డిసెంబరు 21 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన దాదాపు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అదే జూన్ 21కి నడినెత్తిని దాటి 7 డిగ్రీలు ఉత్తరానికి ఒరుగుతాడు. పలక మీద అంగుళం ఎత్తు ఈనె ముక్కను నిలబెట్టి, దాని నీడ నమూనాలోని ఉత్తర దిక్కుకు ముప్పావు అంగుళానికి కాస్త మించి పడేవరకు పలకను ఎండలో వంచి చూడండి, అదే మీ డిసెంబరు మధ్యాహ్నం.

జవాబు 2 (పాలకొల్లు)

ఆ నీడలను సాఫ్ట్‌వేరు కూడా తప్పులేకుండా చూపిస్తుంది. ఎండ కోసమే అయితే ఇంత శ్రమ అక్కరలేదని నా అభిప్రాయం. మాకు నమూనా పనికొచ్చింది వాలు కప్పులు మండువా మూలల్లో కలిసేచోట. కాగితం మీద అవి చక్కగానే కలిశాయి. మేస్త్రి గారు అట్ట కప్పును చేతిలోకి తీసుకుని, ఒక వాలు మిగతా మూడింటికంటే నిటారుగా ఉందనీ, ఆ మూలన చూరులు ఒక ఎత్తులో కలవవనీ, గట్టి వానకు దోనె పొంగి వసారా తడుస్తుందనీ వేలుపెట్టి చూపించారు. ప్లాను చూసి తలూపిన మనిషే అట్టను చూసి తగువు వేసుకున్నారు.

జవాబు 3 (ధవళేశ్వరం, రిటైరైన ఇరిగేషన్ ఇంజనీరు)

నమూనాను దేనికి నమ్మకూడదో కూడా చెప్పాలి కదా. ఇంటిని 48వ వంతుకు కుదిస్తే బరువు 48 ఘనం మేరకు తగ్గుతుంది, స్తంభం అడ్డుకోత (అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యం) మాత్రం 48 వర్గం మేరకే తగ్గుతుంది. అందుచేత అట్ట ఇల్లు నిలబడటం అసలు ఇంటి బలానికి సాక్ష్యం కాదు. టేబుల్ ఫ్యాను ముందు పెట్టి పైరగాలి ఎలా వస్తుందో చూడటమూ వృథాయే. కొలత కుదిస్తే ప్రవాహపు వేగాన్నీ లెక్క ప్రకారం మార్చాలి, ఫ్యానుతో అది కుదరదు. నీటి నమూనాల్లో వేగాన్ని కొలత నిష్పత్తికి వర్గమూలం చొప్పున తగ్గిస్తారు; పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని పరిశోధన కేంద్రంలో పోలవరం స్పిల్‌వే (వరద నీటిని కిందికి వదిలే కట్టడం) నమూనాలను అలాగే పరీక్షించారు. స్పెయిన్‌లో గౌడీ అనే ఆర్కిటెక్టు, కొలోనియా గుయెల్ చర్చి కోసం 10వ వంతు కొలతలో దారాలు వేలాడదీసి, వాటికి సీసపు గుళ్ల సంచులు కట్టి, ఆ వంపులను తలకిందులు చేసి కమానుల ఆకారం రాబట్టాడు. ఆకారమే తెలిసింది, రాతి బలం కాదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలండి. మా అబ్బాయీ నేనూ రెండు రోజుల్లో చేశాము. మండువా ఉత్తర దక్షిణాలుగా 8 అడుగులు, చూరు ఎత్తు 9 అడుగులు. పలకను వంచి చూస్తే డిసెంబరు ఎండ మండువా నేలను దాదాపు వదిలేసి ఉత్తరపు వసారాలో పడింది, నడుమనున్న తులసికోట పూర్తిగా నీడలో ఉండిపోయింది. అమ్మ కప్పు ఎత్తి, సబ్బు ముక్కతో చెక్కిన తులసికోటను వేలితో ఉత్తరపు గట్టు దాకా జరిపింది. ఎండ తగిలింది కాని, పలక అంచుకు కన్ను ఆనించి చూస్తే వీధి గుమ్మానికి స్తంభం అడ్డొచ్చింది. రేపు ఈ పలకనే ఆర్కిటెక్టు గారి దగ్గరకు పట్టుకెళ్తున్నాము.