కశ్మీర్ టు కన్యాకుమారి సైకిల్ మీద, తొమ్మిది మంది, ఒక వ్యాన్: చేసినవాళ్లు కాస్త చెప్పండి

కొంపల్లి_సైకిల్:

అందరికీ నమస్తే. మేం తొమ్మిది మందిమి. ఆదివారాలు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) పక్కన సోలార్ కప్పున్న సైకిల్ ట్రాక్ మీద పరిచయమైనవాళ్లమే. అందరికంటే చిన్నవాడికి 26, పెద్దాయనకి 58. పోయిన నెల నార్సింగిలో ఇడ్లీ తింటుంటే ఎవరో "శ్రీనగర్ నుంచి కన్యాకుమారి పోదామా" అన్నారు. అందరం నవ్వాం. ఇప్పుడు వాట్సాప్ గ్రూప్ పేరే "44 నంబర్" అయిపోయింది. మొత్తం ఎన్‌హెచ్ 44 (44వ నంబర్ జాతీయ రహదారి) మీదే, సుమారు 3,745 కిలోమీటర్లు. రోజుకి 120 వేసుకుంటే 31 రోజులు, మధ్యలో నాలుగు రోజులు రెస్ట్, మొత్తం 35. వెంట ఒక టెంపో ట్రావెలర్, సామాను, నీళ్లు, స్పేర్ పార్టులు అందులో. అక్టోబర్ మొదటి వారంలో మొదలుపెడదామని ప్లాన్.

డౌట్లు ఏంటంటే, అక్టోబర్ సరైన టైమేనా? 120 మరీ ఎక్కువా? వ్యాన్ లెక్క ఎలా వేయాలి, ఒకాయన కిలోమీటర్ రేటు చెప్తాడు, ఇంకొకాయన రోజు రేటు చెప్తాడు, రెండూ ఒక్క చోట కలవట్లేదు. ఇంకోటి, మాలో ఎవరికీ వరసగా రెండు రోజులకి మించి తొక్కిన అనుభవం లేదు. ఆ సంగతి ఇళ్లలో ఇంకా చెప్పలేదు.

ఉప్పల్_అన్న:

తమ్ముడూ, కాళ్ల గురించి తర్వాత చూద్దాం, ముందు వ్యాన్ సంగతి తేల్చుకోండి. మేం ఆరుగురం ఇక్కడి నుంచి కన్యాకుమారి దాకా తొక్కాం, 1,250 కిలోమీటర్ల దాకా ఉంటుంది. గొడవలన్నీ వ్యాన్ దగ్గరే వచ్చాయి.

మీరు 3,745కి లెక్క వేస్తున్నారు. వ్యాన్ తిరిగేది అంత కాదు. ఇక్కడి నుంచి ఖాళీగా శ్రీనగర్ పోవాలి, అదే దగ్గర దగ్గర 2,500. మీతోపాటు కింద దాకా రావాలి. కన్యాకుమారి నుంచి మళ్లీ ఇక్కడికి 1,250. అంతా కలిపితే 7,500, మీరు తొక్కేదానికి సరిగ్గా రెట్టింపు. పైగా మీ వెంట ఉన్న రోజుల్లో బండి తిరిగేదే 120, కాబట్టి ఆ 35 రోజులకి కిలోమీటర్ రేటు అడిగితే వాళ్లు రోజుకి మినిమమ్ ఇన్ని కిలోమీటర్లు అని ఒకటి పెడతారు, తిరగని కిలోమీటర్లకి కూడా డబ్బు కడతారు. తొక్కే రోజులకి రోజు రేటు, పోను రాను కిలోమీటర్ రేటు, ఇలా రెండు ముక్కలుగా మాట్లాడుకోండి. డ్రైవర్ బత్తా, టోల్, రాష్ట్రాల పర్మిట్ ట్యాక్స్ ఎవరి మీద పడతాయో కాగితం మీద రాయించుకోండి. నోటి మాట సేలం దాటాక ఎవరికీ గుర్తుండదు.

ఇక డ్రైవర్. మాకు దొరికినాయన మంచివాడే, కానీ నాలుగో రోజుకి బోర్ కొట్టింది. కొట్టదా మరి, గంటకి 20 స్పీడులో పోయేవాళ్ల కోసం రోజంతా రోడ్డు పక్కన కూర్చోవడం మాటలా. ఒక మధ్యాహ్నం మాకు చెప్పకుండా 40 కిలోమీటర్లు ముందుకెళ్లి చెట్టు కింద నిద్రపోయాడు, ఫోన్ సైలెంట్‌లో ఉంది, మా దగ్గర నీళ్లు అయిపోయాయి. ఎండలో ఇద్దరు గట్టిగా అరుచుకున్నారు కూడా, వాళ్లిద్దరూ బావ బావమరుదులు. ఆ సాయంత్రం నుంచి ఆయన్ని మాతోపాటు ఒకే టేబుల్ మీద తినమన్నాం, మాతోపాటే రూమిచ్చాం, ప్రతి 20 కిలోమీటర్లకి ఆగే చోటు ఆయన్నే చూడమన్నాం. తర్వాత ఏ గొడవా లేదు. 35 రోజులంటే మాత్రం ఇద్దరు డ్రైవర్లు కావాలి, లేదా మీలో ఒకరు వంతులవారీగా స్టీరింగ్ పట్టాలి.

వ్యాన్ మీ వెనకాలే మెల్లగా రావాలని మాత్రం అనుకోకండి. హైవే మీద లారీలన్నీ 80లో వస్తుంటే 20లో పోయే బండి అందరికీ గండమే. ముందుకెళ్లి పెట్రోల్ బంకులోనో దాబా దగ్గరో ఆగాలి, మీరు అక్కడికి చేరాలి, అంతే.

ఎదురుగాలి:

అక్టోబర్‌కి నా ఓటు. కానీ తడవడానికి సిద్ధపడి పోండి. మీ లెక్క ప్రకారం నవంబర్ మొదట్లో తమిళనాడులో అడుగుపెడతారు, అప్పటికి అక్కడ ఈశాన్య రుతుపవనాలు ఊపు మీద ఉంటాయి. దాన్ని తప్పించుకుందామని ఫిబ్రవరికి మారిస్తే పైన కశ్మీర్ దారిలో బనిహాల్ దగ్గర మంచు, కొండచరియలతో రోడ్డు మూసేస్తారు, అనంతపురం చేరేసరికి ఎండ పిండేస్తుంది. నవంబర్ అంటారా, ఢిల్లీలో పొగ. డిసెంబర్‌లో పంజాబ్, హర్యానా పొగమంచు, లారీవాడికి మీరు కనిపించరు. ఎటు చూసినా ఏదో ఒకటి తప్పదు, వాటన్నిటిలో వాన నయం. వానలో ఎవరూ చావరు, చెప్పులు పాడవుతాయి అంతే.

పైన కశ్మీర్‌లో రెండు పెద్ద సొరంగాలున్నాయి. బనిహాల్ దగ్గరిది ఎనిమిదిన్నర కిలోమీటర్లు, చెనానీ-నాశ్రీ తొమ్మిది పైనే. సైకిళ్లు వ్యాన్‌లో వేసుకుని దాటేయండి, ఆ పొగలో తొక్కి సాధించేదేమీ లేదు. "అయితే మొత్తం తొక్కినట్టు కాదుగా" అని మీలో ఒకడు కచ్చితంగా అంటాడు. వాణ్ణి ముందే గుర్తుపట్టి మాట్లాడుకోండి. సిమ్ సంగతి కూడా మర్చిపోవద్దు, మన ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో పనిచేయవు, కనీసం ముగ్గురి దగ్గర, డ్రైవర్ దగ్గర తప్పకుండా పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

పంక్చర్లు ముళ్ల వల్ల తక్కువ, లారీ టైర్లు పగిలినప్పుడు రాలే సన్నటి తీగల వల్ల ఎక్కువ. హైవే అంచున అవే ఉంటాయి. కంటికి కనపడవు, వేలితో టైర్ లోపల తడిమి లాగాలి, లేకపోతే కొత్త ట్యూబ్ కూడా పది నిమిషాల్లో దిగిపోతుంది. కనుబొమ్మలు పీకే పట్టకారు ఒకటి బ్యాగులో పడేసుకోండి. ధర్మపురి నుంచి సేలం పోయే దారిలో తొప్పూర్ ఘాట్ దిగుడు వస్తుంది, లారీలకి బ్రేకులు ఫెయిలయ్యే చోటు అది, అక్కడ స్పీడు సరదాలు వద్దు. ఒక్కొక్కరుగా, దూరం దూరంగా దిగండి.

మియాపూర్_అక్క:

ఇద్దరూ బాగా చెప్పారు కానీ అసలు మాట ఎవరూ అనలేదు. కొంపల్లి తమ్ముడూ, ఎన్‌హెచ్ 44 మీ ఇంటి ముందు నుంచే పోతుంది! ఇరవయ్యో రోజు దాటాక మేడ్చల్ వస్తుంది, అక్కడి నుంచి గంటలోపే మీ గల్లీ. ఇంట్లో బిర్యానీ వండి పెట్టుంటారు, మెత్తటి పరుపు, పిల్లలు కాళ్లకి చుట్టుకుంటారు. సీటు పుండ్లతో ఉన్న మనిషి మర్నాడు పొద్దున ఐదింటికి లేచి మళ్లీ కర్నూలు దారి పడతాడా? తొమ్మిది మందిలో ముగ్గురైనా ఇక్కడే ఆగిపోతారని నా అంచనా. రెస్ట్ రోజు హైదరాబాద్‌లో పెట్టుకోకండి, నిర్మల్‌లోనో కామారెడ్డిలోనో పెట్టుకోండి. ఇంటివాళ్లనే మేడ్చల్ రోడ్డు మీదికి రమ్మనండి, టీ తాగండి, కదలండి. శంషాబాద్ దాటాకే రాత్రి బస.

120 ఎక్కువ కాదు, ఒక్క రోజుకైతే. మూడో రోజు తొక్కే 120 వేరే. అందుకే మూడు రోజుల సెలవు చూసుకుని ఇదే రోడ్డు మీద, ఇదే వ్యాన్, ఇదే డ్రైవర్‌తో పోయి చూడండి: మొదటి రోజు జడ్చర్ల, రెండో రోజు కర్నూలు, మూడో రోజు గుత్తి. అన్నీ కలిపి 300 పైన. గుత్తిలో రైలెక్కి వచ్చేయొచ్చు, సైకిళ్లు వ్యాన్‌లో వస్తాయి. ఎవరు పొద్దున లేవరు, ఎవరు ఖర్చు దగ్గర నసుగుతారు, 58 ఏళ్ల ఆయనే అందరికంటే ముందు పోతాడా (నాకు తెలిసినంతలో పోతాడు), ఇవన్నీ ఆ మూడు రోజుల్లో బయటపడతాయి. అలిసిపోయినవాళ్లు వ్యాన్ ఎక్కితే ఎవరూ ఒక్క మాట అనకూడదని కూడా అప్పుడే ఒప్పుకోండి, లేకపోతే మోకాలు వాచినా సిగ్గుకి తొక్కి మంచాన పడతారు.

కొంపల్లి_సైకిల్:

అక్కా, మేడ్చల్ సంగతి నిజంగా తట్టలేదు, గ్రూపులో పెట్టగానే ఇద్దరు "మేం ఇంటికే పోతాం" అని ఇప్పుడే చెప్పేశారు. ఉప్పల్ అన్నా, 7,500 లెక్క చూసి మా ట్రెజరర్ ఫోన్ ఎత్తట్లేదు. జడ్చర్ల-గుత్తి ట్రయల్ ఖాయం. ఇంతకీ అన్నా, ఆ నిద్రపోయిన డ్రైవర్ నంబర్ ఉందా మీ దగ్గర? మెసేజ్‌లో పంపండి.